చరకుడి పథ్యంలో పనితనం

చేపల కూర తిన్న పూట పాలు ముట్టుకోవద్దని, బొల్లి వస్తుందని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ కేకలేస్తారు. చేపా పాలూ కలవకూడదన్న మాట ప్రాచీన ఆయుర్వేద గ్రంథం చరకసంహితలో ఉంది. సూత్రస్థానం అనే భాగంలోని 26వ అధ్యాయంలో అది ఒట్టి నిషేధంగా కాక వాదంగా నడుస్తుంది.

ముందు ఆ గ్రంథంలో గురువైన ఆత్రేయుడు కారణం చెబుతాడు. రెండూ మధురమే కానీ పాలది శీతవీర్యం, అంటే చలవ చేసే గుణం; చేపది ఉష్ణవీర్యం, వేడి చేసే గుణం. కలిస్తే రక్తం చెడుతుంది, స్రోతస్సులు, అంటే ఒంట్లోని నాళాలు, మూసుకుపోతాయి. ఆ చర్చలో ఉన్న భద్రకాప్యుడనే ఋషి ఒప్పుకోడు. చిలిచిమం అనే చేప ఒక్కటి తప్ప మిగతా చేపలన్నీ పాలతో తినొచ్చంటాడు. ఆ చిలిచిమాన్ని ఎంత శ్రద్ధగా చూపించారో! ఒంటినిండా పొలుసులు, ఎర్రటి కళ్ళు, చుట్టూ ఎర్రటి చారలు, రోహితం చేప పోలిక, తరచు నేలమీద తిరుగుతుంది. ఎదుటివాడి మాట ఇంత నిండుగా వినిపించాకే ఆత్రేయుడు కాదంటాడు. శాస్త్రం రాసేవాళ్ళు నేర్చుకోవాల్సిన మర్యాద ఇది.

ఇక చర్మరోగాల మాటకొస్తే, అదే గ్రంథంలో చికిత్సాస్థానం 7వ అధ్యాయం కుష్ఠాలది. అక్కడ కుష్ఠం అన్న మాట కింద 7 మహాకుష్ఠాలు, 11 క్షుద్రకుష్ఠాలు, మొత్తం 18 చర్మరోగాలు వస్తాయి. అతిగా తింటే చేటు చేసేవాటిలో కొత్త ధాన్యం, పెరుగు, చేపలు, ఉప్పు, పులుపు, మినుములు, ముల్లంగి, నువ్వులు, బెల్లం ఉన్నాయి. వీటిలో మన వంటింట్లో లేనిదేది? నన్ను ఆపి చదివించినవి మాత్రం ఆ పదార్థాల పక్కనే చెప్పిన వేళలు. తిన్నది అరక్కముందే మళ్ళీ తినడం, సుష్టుగా భోంచేసి ఎండలో శ్రమపడడం, వేడి మీద వచ్చి గబుక్కున చన్నీళ్ళ జోలికి పోవడం, వచ్చే వాంతిని బిగబట్టడం, పగటినిద్ర. ఏం తిన్నామన్నదెంతో, ఎప్పుడు, ఏ స్థితిలో తిన్నామన్నదీ అంతే.

చేపా పాలూ కలిస్తే బొల్లి వస్తుందనడానికి నేటి వైద్యంలో రుజువు లేదు. రంగునిచ్చే కణాల మీద శరీర రక్షణ వ్యవస్థే దాడి చేయడం వల్ల వచ్చే జబ్బది. తెల్లమచ్చ కనిపిస్తే చర్మవైద్యుడికి చూపించాలి, పథ్యంతో సరిపెట్టుకోకూడదు.

అయినా చరకుడి పనితనం మీద నాకు గౌరవం తగ్గదు. విరుద్ధాహారాన్ని, అంటే ఒంటికి పొసగని తిండిని, 18 రకాలుగా విడదీసిన ఆ 26వ అధ్యాయంలోనే మినహాయింపులూ ఉన్నాయి. అలవాటు పడినవాడికి, కొద్దిగా తిన్నవాడికి, జఠరాగ్ని బాగున్న పడుచువాడికి, వ్యాయామంతో గట్టిపడ్డ ఒంటికి విరుద్ధం కూడా హాని చేయదంటాడు. భయపెట్టి వదిలేసే రచన కాదిది.

ఆ అలవాటే చెడ్డదైతే? విమానస్థానం మొదటి అధ్యాయంలో బాహ్లీక, సౌరాష్ట్ర, సింధు, సౌవీర దేశాలవాళ్ళు పాలల్లో కూడా ఉప్పు వేసుకుంటారని, ఆ అతి వల్ల వాళ్ళకు బట్టతల, నెరసిన జుట్టు, ముడతలు ముందే వస్తాయని రాశాడు. అయినా ఉప్పు ఒక్కసారిగా మానేయమనలేదు. ఒంటికి అలవాటైపోయింది కాబట్టి మెల్లమెల్లగా తగ్గించుకోవడమే మేలన్నాడు.