బిందెలో ఉంగరం

మంగళసూత్రం కట్టించి, శుభం కార్డు వేసి ప్రేక్షకుల్ని ఇంటికి పంపడం మన ప్రేమకథా చిత్రాలకు ఎప్పటి నుంచో అలవాటు. 1991లో వచ్చిన ‘పెళ్ళి పుస్తకం’ ఆ పని మొదట్లోనే ముగించేస్తుంది. ఆరుద్ర రాసిన ఒక్క పాటలో, కె.వి.మహదేవన్ బాణీలో, బాలసుబ్రహ్మణ్యం, సుశీల గొంతుల్లో పెళ్ళి జరిగిపోతుంది. ప్రేమకథ ఆ తర్వాతే మొదలవుతుంది. ఈమధ్య దాన్ని మళ్ళీ చూశాను. ఎన్నిసార్లు చూసినా నవ్వు తగ్గకపోవడానికి కారణం మన పెళ్ళి తంతులోనే ఉందని ఈసారి గట్టిగా అనిపించింది.

ఈ సినిమా తీసిన ఇద్దరూ గోదావరి బిడ్డలే. బాపు పుట్టింది నరసాపురంలో, ముళ్ళపూడి వెంకటరమణ ధవళేశ్వరంలో. చిన్నతనంలోనే మద్రాసు చేరినా ఇక్కడి పెళ్ళిపందిళ్ళ సందడి వాళ్ళ పనిని వదిలిపోలేదు. ఆ పందిట్లో మంత్రాలకు ఎంత చోటుందో పరాచికాలకూ అంతే ఉంటుంది. ముహూర్తం దాకా వధూవరుల మధ్య అడ్డుతెర. తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి పోటాపోటీ, రెండు వైపుల వాళ్ళూ ఎగదోస్తుంటే దోసిళ్ళు తలల మీద కుమ్మరింపవుతాయి. గడప దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి, పేర్లు చెబితేగానీ లోపలికి రానివ్వరు. అల్లుడు అలకపాన్పు ఎక్కితే మామగారు బతిమాలాలి. ఇదంతా పెద్దలే ఏర్పాటు చేసిన సరసం.

వీటిల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బిందెలో ఉంగరం తీయించడం. మూతి ఇరుకు బిందెలో నీళ్ళు పోసి, ఉంగరం జారవిడిచి, ఇద్దరి చేతులూ ఒకేసారి లోపలికి పెట్టమంటారు. చుట్టూ జనం, కేకలు, పందేలు. మణికట్టు దాకా అందరికీ కనిపిస్తుంది, వేళ్ళు మాత్రం ఎవరికీ కనిపించవు. ఉంగరం దొరికిన వాడు ఒక్కోసారి దాన్ని మెల్లగా ఆమె వేళ్ళ మధ్యకు తోసేసి, ఓడిపోయినట్టు మొహం పెడతాడు. వందమంది ఎదుట ఆ ఇద్దరికీ దొరికిన మొదటి రహస్యం అది.

‘పెళ్ళి పుస్తకం’ కథ మొత్తం ఆ బిందెలోనే జరుగుతుంది. కృష్ణమూర్తి, సత్యభామ ఒకే ఆఫీసులో ఉద్యోగాలు నిలుపుకోవడానికి పెళ్ళి సంగతి దాచిపెడతారు. కథ ఇచ్చింది రావి కొండలరావు. 1955 నాటి ‘మిస్సమ్మ’ను తిరగేసిన కథ ఇది. అందులో పెళ్ళి కానివాళ్ళు ఉద్యోగం కోసం ఆలుమగలుగా నటిస్తే, ఇందులో ఆలుమగలు ఏమీ కానట్టు నటిస్తారు. లేనిది ఉన్నట్టు నటించడం కన్నా ఉన్నది దాచడం కష్టం. రాజేంద్రప్రసాద్, దివ్యవాణి ఆ కష్టాన్ని ఎక్కువగా కళ్ళతోనే పలికించారు. యజమాని గుమ్మడి ఎదుట ఇద్దరూ కాగితాల గురించి మాట్లాడుకుంటూనే కాపురం గురించీ మాట్లాడుకుంటారు. అసలు సంగతి మిగతా పాత్రలకు తెలియదు, మనకు తెలుసు. అక్షింతలు వేసిన చుట్టాల్లా మనం ఆ రహస్యానికి సాక్షులమైపోతాం. పెళ్ళిని అంత ముందుగా చూపించినందుకే ప్రతి దొంగచూపూ మనకు పండుతుంది.

రమణ మాటల్లో వేళాకోళం చాలా ఉంటుంది, వెక్కిరింత ఉండదు. మొగుడూ పెళ్ళాల గిల్లికజ్జాల మీద ఆయనకున్న మక్కువ ‘రాధాగోపాలం’ కథల్లోనే కనిపిస్తుంది. వాటి పేరుతోనే 2005లో సినిమా కూడా తీశారు. ఇక బాపు ప్రతి దృశ్యాన్నీ ముందుగా బొమ్మగా వేసుకునేవారు. అందుకే ఆయన సినిమాలో వాలుజడ, కాటుక కన్ను, చేతి గాజు కూడా మాటల వంతు పని చేస్తాయి.

చీర పాట చూడండి. భర్త తాను ఊహించి నేయించిన చీరను భార్యకు వర్ణించి చెబుతాడు. పడుగు, పేక, కలనేత, సరిగంచు: అన్నీ మగ్గం గుంటలో పుట్టిన మాటలు. ఉప్పాడలోనో బండారులంకలోనో ఆ పాట వింటే అర్థం అడగాల్సిన పని ఉండదు. దాంపత్యాన్ని ఇంత ముద్దుగా చెప్పిన సినిమా పాటలు మనకు ఎక్కువ లేవు.

గోదావరి మీదే నడిచిన ‘అందాల రాముడు’ (1973) కూడా ఈ కోవలోదే. లాంచీలో జనాన్ని ఎక్కించి రాజమండ్రి నుంచి భద్రాచలం తీసుకుపోతారు, సీతారాముల కల్యాణానికి. దారి పొడవునా ఒడ్డుకు పోయే వీల్లేని ఆ లాంచీయే పెళ్ళిపందిరి అవుతుంది. శేఖర్ కమ్ముల 2006లో ‘గోదావరి’ తీసినప్పుడు అదే నీటి దారి పట్టారు. రెంటిలోనూ నది నెమ్మది కథ నడకలోకి వచ్చింది, ఆ తీరుబడి లేకపోతే సరసం పండదు.

‘పెళ్ళి పుస్తకం’లో లోపం లేదనను. చివరి భాగంలో అపార్థాలు కాస్త బరువెక్కుతాయి, నవ్వు సన్నగిల్లుతుంది. అయినా భార్య ఉద్యోగం చేయడం, ఆమె మాటకు ఆఫీసులోనూ ఇంట్లోనూ విలువ ఉండడం ఆ సినిమాకు మామూలు సంగతులు. రెండేళ్ళ తర్వాత బాపు, రమణలే తీసిన ‘మిస్టర్ పెళ్ళాం’ ఈ విషయాన్నే తలకెత్తుకుని, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది.

సినిమా మొదట్లోని ఆ పెళ్ళి పాట, ‘శ్రీరస్తు శుభమస్తు’, ఇప్పుడు కోనసీమ కల్యాణ మండపాల్లోనూ అమెరికా తెలుగు పెళ్ళి వీడియోల్లోనూ ఒకేలా వినిపిస్తోంది. చాలామందికి సినిమా అక్కడితో సరి. ఆ పాట పెట్టించుకున్న ప్రతి జంటా, ఆషాఢం విడి పుట్టింటి నుంచి అమ్మాయి తిరిగొచ్చాకైనా సరే, మిగతా సినిమా కూడా పక్కపక్కన కూర్చుని చూడాలని నా కోరిక.