చందమామను దిద్దే ఫోను

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు కిందటి వేసవిలో వేముల వచ్చాడు. తను కొత్త ఫోను కొనుక్కుని, అంతదాకా వాడినదాన్ని నా చేతిలో పెట్టాడు. శాంసంగ్ వారి గెలాక్సీ ఎస్24 అల్ట్రా అట. "పాతదనుకోకక్కా, 2024 జనవరిలో వచ్చినప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది పట్టపుటేనుగు" అన్నాడు. అప్పట్లో ధర 1,29,999 రూపాయల నుంచి మొదలట. పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్న అమ్మ తలెత్తి, "ఆ లెక్కకు మంచి పాడెనుము వచ్చాది గదరా!" అంది.

మా కడప సీమలో లెక్కంటే డబ్బు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని వుంది.

నవలల మీద తీర్పులు చెప్పే అలవాటు నాకెటూ వుంది కదా! అమ్మ దగ్గరున్న పది రోజులూ ఈ ఫోనును కూడా ఓ నవలలాగే చదివాను.

ముందు మంచి చెప్పుకుందాం. మా వైపు ఎండలో మామూలు ఫోను తీస్తే మన ముఖం కనిపిస్తుందిగాని అక్షరం కనిపించదు. దీని గాజు అద్దంలా మెరవదు. మామూలు గాజు కంటే ప్రతిబింబాలు 75 శాతం దాకా తగ్గుతాయని ఆ గాజు చేసినవారి మాట. నేను కొలవలేదుగాని, మిట్టమధ్యాహ్నం వసారాలో కూర్చుని హాయిగా చదువుకున్నాను. బ్యాటరీ 5,000 ఎం.ఏ.హెచ్. ఒంట్లోనే ఓ చిన్న కలం దాచుకుంది. లాగి తెరమీద రాసుకోవచ్చు. కాయితం వెతుక్కునేలోగా కథ మరిచిపోయే నాబోటి వాళ్ళకి ఇదొక వరం. అన్నిటికన్నా మంచి సంగతి, ఫోను నడవడికి, భద్రతకి కావలసిన మార్పులు ఏడేళ్ళపాటు పంపుతామని కంపెనీ మాటిచ్చింది.

ఇక లోపాలు. బరువు 232 గ్రాములు, పావుకిలోకి రవ్వంత తక్కువ. తెర 6.8 అంగుళాలు. ఒక చేత్తో గరిట తిప్పుతూ రెండో చేత్తో ఫోను చూసే మనకోసం చేసింది మాత్రం కాదు. ఇంత డబ్బు పోసి కొంటే పెట్టెలో తీగ ఇస్తారట, గోడకు తగిలించే చార్జరు ఇవ్వరట. పిల్లనిచ్చి సారె ఎగ్గొట్టినట్టు లేదూ? విడిగా మెమరీ కార్డు పెట్టుకునే చోటూ లేదు. పోనీలెండి, ఇవన్నీ సర్దుకుపోగల లోపాలే. అత్తవారింట్లో ఇంతకన్నా పెద్దవాటితో సర్దుకోలేదూ!

నన్ను ఆలోచనలో పడేసింది కెమెరా. 200 మెగాపిక్సెళ్ళది. దూరాన్ని దగ్గరికి లాగడంలో దీనికి పెద్దపేరు. ఓ రాత్రి మిద్దె మీద పడుకుని చందమామను తీశాను. మచ్చ మచ్చా తేలింది. మురిసిపోతుంటే తమ్ముడు నవ్వాడు. ఇంతకు ముందు తరం ఫోను మీద 2023లో ఈ విషయంలోనే వివాదం రేగిందట. ఎదురుగా వున్నది చంద్రుడని గుర్తుపట్టాక, ముందే నేర్చుకున్నదాన్ని బట్టి ఫోను వివరాలను మెరుగు పరుస్తుందని కంపెనీవారే వివరించారట. అంటే బొమ్మలో వున్నది నేను చూసిన చందమామ కొంత, దానికి తెలిసిన చందమామ కొంత! ఇదే నవలలో అయితే, పాత్ర నోట్లో రచయిత్రి తన మాటలు కుక్కింది అని మందలిస్తాం.

అవతలివాళ్ళ భాషను అప్పటికప్పుడు మార్చి వినిపించడం దీని గొప్పల్లో మరొకటి. 2024లో వచ్చినప్పుడు దానికి 13 భాషలు తెలుసు. పోలిష్ వుంది, థాయ్ వుంది. మన దేశపు భాషల్లో హిందీ ఒక్కటే. కోట్లమంది మాట్లాడే తెలుగు లేదు. నేర్పిస్తే నేర్చుకోగలదు, కాదనను. కాని ఏ తెలుగు నేర్పుతారు? అమ్మ "లెక్క" అంటే కూడికలూ తీసివేతలూ కాదని దానికెవరు చెబుతారు? "రోంత" అంటే "కొంత" అని దిద్దదని నమ్మకమేమిటి?

ఇక్కడే నా కలం ఆగింది. కాలేజీ హాస్టల్లో నా యాస విని నవ్వితే, నెల తిరక్కుండా మాట మార్చుకున్నదాన్ని నేను. ఇన్ని నవలలు రాశాను. వాటిలో ఒక్క తల్లి కూడా మా అమ్మలా మాట్లాడదు. అందరూ శుభ్రంగా, దిద్దినట్టు మాట్లాడతారు. చందమామను దిద్దిందని ఫోనును తప్పుపట్టే అర్హత నాకెక్కడిది?

మర్నాడు మధ్యాహ్నం అమ్మ చెనిక్కాయలు వలుస్తుంటే, మాటలు రికార్డు చేసే మీట నొక్కి ఫోను పక్కన పెట్టాను. కరువు ఏళ్ళ కబుర్లు, బావి ఎండిన కబుర్లు, మా నాయనతో పోట్లాటలు అన్నీ చెప్పింది. ఫోను ఒక్క మాటా దిద్దలేదు. పక్కింటి కోడి కూతతో సహా విన్నది విన్నట్టు దాచింది. తిరిగి వినిపిస్తే అమ్మ ఆశ్చర్యపోయింది. "నా మాట ఇట్లుంటాదా మే?" అంది.

బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తెలుగు గ్రంథాలకు శుద్ధ ప్రతులు రాయించాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. ఆ బంగళా వున్న చోటే ఇవాళ ఆయన పేరుతో గ్రంథాలయం వుంది. ఆయనకు దొరకని సాధనం ఇవాళ మన పోపులపెట్టె పక్కన పడివుంటోంది. మనం దానితో పప్పు ఉడికిందో లేదో ఫొటో తీసి చెల్లెలికి పంపుతున్నాం!

నా తీర్పు అడుగుతారా? డబ్బుంటే కొనుక్కోండి, లేదని చింతపడకండి. నాకు నచ్చిన ఆ మీట చవక ఫోన్లలోనూ వుంటుంది. ముందు అదెక్కడుందో వెతకండి. ఆ తర్వాత మీ అమ్మగారి పక్కన కాసేపు కూర్చోండి.

ఫోనుకు ఏడేళ్ళ హామీ వుంది. అమ్మకు డెబ్భై నాలుగేళ్ళు. ఈ ఆదివారం మళ్ళీ వేముల వెళ్తున్నాను. చార్జరు విడిగా కొనుక్కున్నాను లెండి!