శ్రోతృరుచి – రంగస్థలపద్యము

ఒక సంగీతప్రక్రియ జీవించియున్నదనుటకు ప్రమాణమేమి? లక్షణగ్రంథములందు దాని పేరు నిలిచియుండుట చాలదు. పరీక్షలకు అది పాఠ్యాంశమై యుండుటయు చాలదు. నిర్బంధము లేక తమకు తామై కోరి వినువారుండవలెను. ఈ ప్రమాణముతో చూచినచో గడచిన 140 ఏండ్లలో తెలుగు శ్రోతల అభిరుచి ఎంతగా మారినదో తేటపడును. ఆదిభట్ల నారాయణదాసుగారి (1864–1945) నాడు జనమును తెల్లవారుదాక కూర్చుండబెట్టిన హరికథ నేడు చాలవరకు ఉత్సవముల పందిళ్ళకు పరిమితమైనది. 1940 దశకమున ప్రజానాట్యమండలి ద్వారా, ముఖ్యముగా నాజరు ప్రతిభచే, ఊరూర మ్రోగిన బుఱ్ఱకథ పరిస్థితియు అంతకంటె మెరుగు కాదు. జావళి కచేరీ చివర ఒకటి రెండు నిమిషముల వినోదముగా మిగిలినది. ఇన్ని మార్పుల నడుమ, పౌరాణికనాటకమున పుట్టి పెరిగిన రాగయుక్తపద్యము మాత్రము తనకు ఆశ్రయమైన నాటకసమాజములు చాలవరకు అంతరించిన పిమ్మటకూడ వినబడుచునే యున్నది. దీనికి కారణము పద్యకవితాగౌరవమని సాహిత్యపరులును, రాగమాధుర్యమని సంగీతపరులును చెప్పుచుందురు. ఈ రెండు సమాధానములును మాకు తృప్తికరములుగా కన్పట్టలేదు.

ముందుగా మేము దేనినిగూర్చి మాటలాడుచున్నామో స్పష్టపరుపవలెను. పురాణపఠనమందలి పద్యము వేరు. అవధానసభలో అవధాని ధారణచేసి వినిపించు పద్యము వేరు. మాకిక్కడ ప్రస్తుతమైనది హార్మోనియము శ్రుతిపై, తాళము లేక, రాగాలాపనతో నటుడు పాడునట్టి పద్యము. దీని వయస్సు పెద్దది కాదు. 1880 దశకమున ధార్వాడ నాటకసమాజము మన దేశమున ప్రదర్శనములిచ్చినప్పటినుండి తెలుగున నాటకముపై మోజు హెచ్చినది. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) పాటలను, పద్యములను నటులచే రాగయుక్తముగా పాడించి ఒక మార్గమును స్థిరపఱచిరి. తరువాత తిరుపతివేంకటకవుల పాండవనాటకములు, బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి (1881–1953) ‘సత్యహరిశ్చంద్రీయము’ ఆ మార్గమునకు పట్టుకొమ్మలైనవి.

ఈ గానపద్ధతి నిర్మాణమును మన విమర్శకులు తగినంతగా పరిశీలింపలేదు. ప్రాచీనలక్షణకర్తలు గానమును నిబద్ధమనియు అనిబద్ధమనియు విభజించిరి. కృతి, పదము, జావళి తాళబద్ధములగుటచే నిబద్ధములు, ఆలాపన అనిబద్ధము. రంగస్థలపద్యము ఈ రెంటిలో ఎందును సరిగా ఇముడదు. ఛందస్సుచే అది బద్ధము, తాళముచే అబద్ధము. ఉత్పలమాలలో పాదమునకు 20 అక్షరములు, చంపకమాలలో 21, శార్దూలమున 19, మత్తేభమున 20 – ఈ గణవ్యవస్థ నటుని గొంతులో సాగును, కుంచించుకొనును, ఒక్కొక్కప్పుడు బొత్తిగా కరిగిపోవును. అయినను శ్రోత తప్పిపోడు. ఏలన, యతిస్థానమున రావలసిన అక్షరమును, రెండవ పాదమునుండి తిరిగి తిరిగి వచ్చు ప్రాసాక్షరమును అతని చెవి ఎదురుచూచుచుండును. సంస్కృతమున యతి విరామము. తెలుగున అది అక్షరమైత్రి. కావున మన నటునకు ఆగవలసిన చోటు శాస్త్రముచే విధింపబడలేదు. అతడు భావమును బట్టి ఆగవచ్చును, ఊపిరిని బట్టి ఆగవచ్చును, చప్పట్లను బట్టియు ఆగవచ్చును. (మూడవది తఱచైన కాలములో నాటకము చెడినదని పెద్దలు వాపోయిరి.) ఈ స్వేచ్ఛయే పద్యగానమునకు బలము, దౌర్బల్యమును.

ఇంతకంటె ముఖ్యమైనది మాటకును రాగమునకును గల క్రమము. మంచి నటుడు పద్యపాదమును పలుకునప్పుడు ఒక్కొక్క అక్షరమునకు ఒకటి రెండు స్వరములకు మించి వాడడు. మాట సంభాషణకు దగ్గరగా నడచును. భావము శ్రోతకు చేరిన పిమ్మట పాదాంతముననో, పద్యాంతముననో దీర్ఘమైన రాగము విప్పారును. మొదట అర్థమైన మాటను రాగము తిరిగి నెమరువేయించును. అర్థము కాని మాటను రాగము మోసికొనివచ్చు ప్రక్రియలకును దీనికిని ఇదియే భేదము. తిరుపతివేంకటకవుల రాయబారపద్యములు అంతగా ప్రచారము నొందుటకు ఛందస్సులో ఇముడ్చుకొన్న వాడుకపలుకుబడియే హేతువని అందఱును అంగీకరించినదే. ఆ పలుకుబడి వీనుల కందుటకు అనువైన గానపద్ధతి దానికి తోడుపడినదని మాత్రము మేము చేర్చుచున్నాము.

ఈ పద్ధతిపై ఆక్షేపణములు లేకపోలేదు. యుద్ధమునకు బయలుదేరు వీరుడు నాలుగు నిమిషములు కాంభోజిని ఆలపించుచు నిలుచుండుట ఔచిత్యభంగమే. బళ్ళారి రాఘవ (1880–1946) పాత్రపోషణకును భావప్రకటనకును పెద్దపీట వేసి, గానమును వెనుకకు నెట్టెను. నాటకకళాదృష్ట్యా ఆయన పక్షమే న్యాయము. కాని ఇక్కడ ఒక విషయము గుర్తింపవలసియున్నది. రాఘవ కోరినది మంచి నాటకము. శ్రోత కోరినది మంచి పద్యము. ఇవి రెండు వేర్వేరు కోరికలు. ఆయన నాటకమును రక్షింపజూచెను. శ్రోత నాటకమును చీల్చి పద్యమును దక్కించుకొనెను.

‘చీల్చి’ అను మాట అతిశయోక్తి కాదు. కాంట్రాక్టు నాటకముల చరిత్రయే దీనికి సాక్ష్యము. వేర్వేరు సమాజములందలి ప్రసిద్ధనటులను ఒక్క రాత్రికి కుదుర్చుకొని, ఒకే పాత్రను ఇద్దఱకో ముగ్గుఱకో పంచియిచ్చు ఆచారము ఏర్పడినది. పడకసీనులో ఒక కృష్ణుడు, రాయబారమున మఱియొక కృష్ణుడు. కథైక్యమునకు ఇది గొడ్డలిపెట్టు. అయినను జనమునకు ఇబ్బంది కలుగలేదు. వారు పోల్చిచూచుటకు వచ్చినవారు. ‘వన్స్‌మోర్’ అని కేకవేయగా, మరణించి పడియున్న పాత్రకూడ లేచి మరల పాడినదని చెప్పుకొను పరిహాసము పాతదే. ఆ ఆంగ్లపదమునకు సరియైన తెలుగుమాట నెవరును వెదకినట్లు లేదు. మేమీ కేకను అనాగరికమని కొట్టివేయజాలము. అది గ్రంథపరిష్కరణము. నాటకమునుండి సీను, సీనునుండి పద్యము విడివడినవి. వందల పద్యములలో ఏవి నిలువవలెనో ఆ కేకయే నిర్ణయించినది.

ఈ పరిష్కరణము ఎంతదూరము పోయినదో ‘హరిశ్చంద్ర’ కాటిసీను చూపును. అందు నటులు బలిజేపల్లివారి పద్యములతోపాటు గుఱ్ఱము జాషువ (1895–1971) శ్మశానమునుగూర్చి రచించిన ఖండికలోని పద్యములను పాడుట రూఢియైనది. జాషువ వానిని ఆ నాటకమునకై వ్రాయలేదు. హరిశ్చంద్రుని కథతో వానికి సంబంధము లేదు. కాని శ్మశానమున నిలిచిన మనుష్యుడు రాజు, కవి, చిత్రకారుడు, ముత్తైదువ అను భేదము లేని సమత్వమును చూచి పలుకదగిన పద్యములవి. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది సీసము. సీసపాదము సహజముగనే రెండు భాగములై యుండును. ఒక భాగమును పలికి, నిలిచి, రెండవదానిని విడుచుటకు గాయకునకు అవకాశమిచ్చును. తరువాత గీతమునకు దిగునప్పుడు నడక మారును. కాటిసీను వినుటకు పోయిన సామాన్యశ్రోత ఇది బలిజేపల్లివారిదా, జాషువదా యని అడుగలేదు. అస్పృశ్యతచే అవమానముల పాలైన ఒక కవి పద్యములు, ఆయనను పంక్తికి రానీయని ఊళ్ళలోకూడ, అర్ధరాత్రివేళ వన్స్‌మోర్లతో మ్రోగినవి. ఇది సాహిత్యచరిత్రకారుడు విస్మరింపరాని విషయము. పద్యములను అట్లు ఎన్నుకొన్నది పండితసభ కాదు.

ఆశ్రయము మారినప్పుడెల్ల పద్యము కొంత విడిచినది, కొంత నేర్చినది. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ ధర్మవరమువారి నాటకమును ఆధారముగా గైకొన్నది. గ్రామఫోను పలక ఒక్కొక్క వైపు మూడు నిమిషముల పైచిలుకు మాత్రమే పలుకుటచే ఆలాపనకు కత్తెర పడినది. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియమును బహిష్కరించినది. 1970 దశకారంభమువరకు ఆ కట్టడి సడలలేదు. హార్మోనియము లేనిదే పద్యము లేదనుకొన్నవారికి ఇది గొడ్డుకాలముగా తోచియుండవచ్చును. ఐనను పద్యము ఆ వాద్యము లేకయే బ్రదికినది. ఆ పిమ్మట విజయనగర సంగీతకళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యుడైన ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) పద్యమును సంస్కరించెను. రాగమును ప్రదర్శనముగా కాక భావమునకు నీడగా వాడుట, ఆలాపనను కొలది సంగతులకు కుదించుట, సమాసమును నడుమ విఱుగకుండ పలుకుట – ఇవి ఆయన సంస్కారములు. కరుణశ్రీ (1912–1992) ‘పుష్పవిలాపము’ ఆయన కంఠమున ఇంటింట ప్రవేశించినది. అందు నాటకము లేదు, వేషము లేదు, కథయు స్వల్పము. పద్యము రంగస్థలము నుండి పూర్తిగా విడివడి స్వతంత్రమైనదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. సంస్కరణమువలన నష్టమేమియు కలుగలేదని మాత్రము మేమనము. పాతనటుల పద్యమందలి సాహసము, శ్రోతతో పందెము వేసినట్టి ఆ సాగదీత, ఘంటసాల అనుయాయులలో కానరాదు.

ఇచట రెండు ప్రక్రియలతో పోల్చిచూచినచో మా వాదము తేటపడును. క్షేత్రయ్య పదముల భాష రాయబారపద్యముల భాషకంటె ఇంకను ఇంటిపలుకుబడికి దగ్గర. ఐనను 17వ శతాబ్ది నాటి ఆ పదములు తెలుగునాట విస్తృతశ్రోతలను నిలుపుకొనలేకపోయినవి. వానిని శ్రద్ధతో కాపాడినది మద్రాసున వీణ ధనమ్మాళ్ (1867–1938) కుటుంబము. ఆ యింటి పద్ధతిలో పెక్కు పదములు విళంబముగా, తఱచుగా అనుపల్లవితో నారంభమై సాగును. ఒక్కొక్క అక్షరము గమకములలో చాలసేపు నిలుచును. ఆ సౌందర్యము అనన్యము. దానిని తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. కాని అక్కడ మాట రాగములో కరగును. సాహిత్యము ముందే తెలిసినవాడు ఆనందించును, తెలియనివాడు రాగమును మాత్రమే వినును. కొలువును, అభినయమును, దేవదాసీసంప్రదాయమును తొలగిపోయిన పిమ్మట ఆ సాహిత్యమును శ్రోతకు ముందుగా తెలియజెప్పు వ్యవస్థ లేకపోయెను.

అన్నమాచార్యుని (1408–1503) సంగతి వేఱు. రాగిరేకులపై సంకీర్తనమునకు రాగనామము కలదు కాని వర్ణమెట్లు నడచెనో తెలుపు స్వరలేఖనము లేదు. నేడు వాడవాడల వినబడు బాణీలు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) మొదలుగా ఆధునికులు కూర్చినవి. శ్రోతలు 15వ శతాబ్ది సంగీతమును విని ఆనందించుచున్నామనుకొనుట మధురమైన పొరపాటు. అక్కడ నిలిచినది సాహిత్యము, క్రొత్తగా పుట్టినది గానము. రంగస్థలపద్యమునందు గానసంప్రదాయము గొంతునుండి గొంతునకు తెగక వచ్చినది. సాహిత్యమే మారుచు, కలియుచు, జాషువ వంటివారిని చేర్చుకొనుచు పోయినది. రెంటిని ‘సంప్రదాయము నిలిచినది’ అను ఒక్కమాటతో చెప్పుట శాస్త్రీయము కాదు.

పద్యముపై ప్రీతి కేవలము వృద్ధుల జ్ఞాపకమనియు, వారితో అది పోవుననియు కొందఱందురు. జ్ఞాపకము ఒక తరమునకు సమాధానము చెప్పును. కాంట్రాక్టు నాటకము నెఱుగనివారు ఘంటసాల పలకలను కోరి వినిరి. ఆ పలకలు తిరిగినపుడు పుట్టనివారు నేడు చేతిలోని ఫోనులో కాటిసీను వినుచున్నారు. నంది నాటకోత్సవములలో పద్యనాటకమునకు ప్రత్యేకవిభాగ మేర్పడినప్పుడు పోటీకి సమాజములు కఱవు కాలేదు. భయము వేఱొకచోట నున్నది. తాళము లేని గానమును శ్రోత అనుసరింపగలుగుట ఛందస్సు అతని చెవిలో నుండుటచేతనని పైన చెప్పితిమి. బడిలో నాలుగు పద్యములు గొంతెత్తి చదివినవానికి ఆ చెవి అప్రయత్నముగా అబ్బెడిది. ఇప్పుడు తెలుగుపద్యము నోట పలుకకయే పట్టమునొందు విద్యార్థులు మా తరగతులలోనే కలరు. గురులఘువులను కాగితముపై తప్పులేక గుర్తింతురు. ఉత్పలమాలను విని ఉత్పలమాలయని చెప్పజాలరు. అట్టివానికి పద్యగానము ఆలాపనముక్కల నడుమ కొన్ని మాటలుగా వినబడుటలో ఆశ్చర్యము లేదు. వానికి నచ్చలేదన్నచో వాని రుచిని నిందించి ప్రయోజనము లేదు.

మన శాఖలలో నాటకసాహిత్యముపై వచ్చిన సిద్ధాంతవ్యాసములు హెచ్చుభాగము అచ్చుప్రతులను మాత్రమే మూలములుగా గ్రహించినవి. రంగముపై ఏ పద్యము విడువబడినది, ఏది చేర్పబడినది, ఏ నటుడు ఏ రాగమున పాడెను అను విషయములు అనుబంధములకైన నోచుకొనలేదు. నటులు తమకొఱకు వ్రాసికొన్న పాత్రప్రతులు, గ్రామఫోను పలకలు, ఆకాశవాణి ధ్వనిముద్రణములు సాహిత్యసాక్ష్యములే. ఒక కాటిసీనునకు లభించినన్ని ధ్వనిముద్రణములను ప్రక్కప్రక్కన నుంచి, పద్యక్రమమును, పాఠభేదములను గుర్తించి పరిష్కరించుట భారతపాఠపరిష్కరణమువలె ఒక పరిశోధకునకు చాలిన పని. పలకలు అరిగిపోవుచున్నవి, పాత్రప్రతులు నటుల యిండ్లలో చెదలపాలగుచున్నవి.