రెమింగ్టన్ 1100: పాత తుపాకీలో పనితనం

ఒహాయోలో మేము ట్రాప్ (ఎగిరే క్లే బిళ్లలను తుపాకీతో పగలగొట్టే ఆట) ఆడే క్లబ్బులో ఒక పెద్దాయన కంటిచూపు మందగించి ఆట మానేశాడు. పోయిన చలికాలం తన రెమింగ్టన్ 1100ను తెచ్చి, బల్ల మీద తువ్వాలు పరిచి దాని మీద పెట్టాడు. బోల్టు వెనక్కి లాగి, లోపల తూటా లేదని చూపించాకే నా చేతికిచ్చాడు. 12 బోరు, 30 అంగుళాల బ్యారెల్, ఫుల్ చోక్, చెంప ఆనేచోట కాస్త ఎత్తుగా ఉండే మాంటె కార్లో స్టాక్. అచ్చంగా ట్రాప్ కోసమే చేసిన తుపాకీ.

ముందుగా బ్యారెల్ ఎడమ పక్కన, రిసీవర్‌కు దగ్గరగా ఉన్న చిన్న అక్షరాలు చూశాను. మొదటి అక్షరం ‘కె’. అంటే ఆ బ్యారెల్ ఏదో ఒక ఏడు మే నెలలో తయారైంది. ‘బ్లాక్ పౌడర్’ అన్న మాటలో ఇంగ్లీషు అక్షరాలు పదకొండు, ఒక్కటీ తిరిగి రాదు. చివర ‘ఎక్స్’ చేర్చి పన్నెండు నెలలకూ రెమింగ్టన్ వాళ్లు ఆ అక్షరాలనే గుర్తుగా పెట్టుకున్నారు. పాతకాలపు తుపాకిమందు పేరునే క్యాలెండరుగా మార్చుకున్న ఆ ఫ్యాక్టరీ అంటే నాకు అప్పుడే అభిమానం పుట్టింది.

ట్రాప్ అనగానే మన తెలుగువాళ్లకు హైదరాబాదు షూటర్ కైనాన్ చెనాయ్ గుర్తొస్తాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం గెలిచాడు. అయితే అది ఒలింపిక్ ట్రాప్. అందులో కందకంలో 15 యంత్రాలుంటాయి, ఒక్కో క్లేకు రెండు తూటాలు కాల్చవచ్చు. అమెరికన్ ట్రాప్‌లో యంత్రం ఒక్కటే. సింగిల్స్‌లో ఒక క్లేకు ఒకే తూటా. అరచేతిలో పట్టేంత బిళ్ల 16 గజాల ముందు నుంచి ఎగిరి దూరంగా పారిపోతుంది. అయిదు చోట్ల నుంచి అయిదేసి కాలిస్తే 25, అది ఒక రౌండు. ఆటగాడి స్థాయిని బట్టి హ్యాండిక్యాప్‌లో 27 గజాల దాకా వెనక్కి జరుపుతారు. పోటీ రోజున రెండు మూడు వందల తూటాలు కాల్చడం మామూలే. నూరో తూటా దాటాక భుజం తన్నుకు ముందే భయపడుతుంది, ట్రిగ్గర్ నొక్కబోతూ కళ్లు మూసుకుంటాయి. ట్రాప్‌లో మనిషిని ఓడించేది ఎక్కువగా ఆ ఉలికిపాటే.

1963లో వచ్చిన 1100 పేరు తెచ్చుకున్నది ఇక్కడే. అంతకుముందు రెమింగ్టన్ అమ్మిన 11-48లో కాల్చిన ప్రతిసారీ బ్యారెల్ మొత్తం వెనక్కి జారి మళ్లీ ముందుకు వచ్చేది. భుజానికి అది జంట దెబ్బలా తగిలేది. ఆ తర్వాత వచ్చిన మోడల్ 58లో గ్యాస్‌తో నడిచే పద్ధతి పెట్టినా, పిస్టన్‌ను మ్యాగజైన్ గొట్టం లోపలే ఇరికించారు. 1100లో రెమింగ్టన్ డిజైనర్ వేన్ లీక్ బృందం ఆ పిస్టన్‌ను ఉంగరంలా చేసి, గొట్టం బయట తొడిగింది. గొట్టం తూటాలకు మిగిలింది, పిస్టన్‌కు నున్నటి పట్టాలు దొరికాయి. ఒక్క మార్పుతో రెండు చిక్కులు తీరాయి.

పెద్దాయన ముందున్న మూత తిప్పి, చేతిపట్టు కొయ్యను, బ్యారెల్‌ను ఊడదీశాడు. బ్యారెల్ అడుగున చిన్న రంధ్రాలున్నాయి. తూటా పేలాక ఛర్రా ఆ రంధ్రాలను దాటుతుండగా, దాని వెనక తరుముకొస్తున్న వేడి వాయువులో కొద్ది భాగం వాటిలోంచి కిందికి దిగుతుంది. అది పిస్టన్ ఉంగరాన్ని వెనక్కి తోస్తుంది. పిస్టన్ రెండు ఉక్కు కడ్డీలను, కడ్డీలు బోల్టును కదిలిస్తాయి. ఖాళీ తొడుగు కుడిపక్కకు ఎగిరిపోతుంది. స్టాక్‌లో దాగిన స్ప్రింగు బోల్టును మళ్లీ ముందుకు తోస్తుంది. తన్ను మాయమైపోదు. ఒక్క దెబ్బగా తగలవలసింది కాస్త ఎక్కువసేపు పరుచుకుని మెత్తటి తోపులా అందుతుంది. దానికి తోడు ఎనిమిది పౌండ్ల బరువు. రోజంతా కాల్చినవాడి భుజమే ఈ తేడా చెప్పగలదు.

ఇక లోపలి రబ్బరు రింగు సంగతి. మ్యాగజైన్ గొట్టం మీది గాడిలో సన్నటి ఓ-రింగు ఒకటి కూర్చుంటుంది. గ్యాస్ పక్కదారి పట్టకుండా ఆపేది అదే. కుక్కర్ రబ్బరు పాతబడితే ఆవిరి పక్కనుంచి పోయి విజిల్ రానట్టే, ఇది చిట్లితే బోల్టు పూర్తిగా వెనక్కి రాదు, తుపాకీ తనంతట తాను పనిచేయడం మానేస్తుంది. దీన్ని లోపమనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అరిగే పనంతా కొన్ని డాలర్ల రింగు మీద వేసి, ఉక్కు దిమ్మెలోంచి మలిచిన రిసీవర్‌ను కాపాడుకున్న ఆలోచన అది. బోల్టులోని తాళం దిమ్మ కూడా పైకి లేచి నేరుగా బ్యారెల్ తోక గాడిలో పడుతుంది కాబట్టి, పేలుడు భారం బోల్టుకూ బ్యారెల్‌కూ మధ్యే ఆగిపోతుంది. అందుకే యాభై ఏళ్ల 1100లు నేటికీ పోటీల్లో కనిపిస్తున్నాయి.

రిసీవర్ మీది లతలు చేత్తో చెక్కినవి కావు, అద్దినవి. తొలి రోజుల తుపాకుల్లో పట్టు దగ్గరి గళ్లు కూడా ఒత్తి వేసినవే. నగిషీ కోసం చూసేవాళ్లకు ఇటలీ తుపాకులున్నాయి. 1100 అందం కొయ్య కింద, కడ్డీల మధ్య ఉంది.

మరి పాతది కొనేవాడు చూడవలసినదేమిటి? చేతిపట్టు కొయ్య పలుచన, అది చీలడం మామూలు. లోపలివైపు కూడా వెలుతురుకు పట్టి చూడాలి. బ్యారెల్ కింద అతికిన గ్యాస్ ఉంగరం అతుకు దగ్గర గీత ఉండకూడదు. బ్యారెల్‌ను కంటికి ఆనించి చూస్తే నీడ వంకర లేకుండా సాగాలి. నొక్కు పడినచోట ఆ నీడ విరుగుతుంది. రిసీవర్ మీద వెంట్రుకవాసి బీట కనిపించినా వదిలేయాలి. అన్నిటికంటే ముఖ్యం స్టాక్ లోపలి స్ప్రింగు. దశాబ్దాల తరబడి తుపాకీ తుడిచినవాళ్లు కూడా స్టాక్ విప్పరు. నూనె, తేమ ఆ గొట్టంలోకి జారి అక్కడే తుప్పుగా మారతాయి. బోల్టును వెనక్కి లాగి, చెయ్యి అడ్డంలేకుండా బటన్ నొక్కి వదిలితే అది ఠక్కున మూసుకోవాలి. బద్ధకంగా వస్తే ఆ స్ప్రింగునే అనుమానించాలి.

నాకు చూపిన తుపాకీలో స్ప్రింగు గొట్టం నిండా నల్లటి జిగురు పేరుకుంది. తుప్పు మాత్రం లేదు. ఓ-రింగు గట్టిపడి, వేలితో వంచగానే చిట్లింది. కొయ్య మీద సీసాలా మెరిసే పూత చెక్కుచెదరలేదు. బౌలింగ్ ఆటలో నిలబెట్టే పిన్నుల కోసం డూపాంట్ కంపెనీ చేసిన పూత అదేనని చెబుతారు. 1933 నుంచి 1993 దాకా రెమింగ్టన్ డూపాంట్ చేతిలోనే ఉంది. కాగితాల పని, నేర చరిత్ర తనిఖీ లైసెన్సు ఉన్న దుకాణంలో పూర్తిచేసి తుపాకీ తీసుకున్నాను. జిగురు కడిగి, కొత్త రింగు వేశాక మొదటి రౌండులో ఒక్కసారి కూడా అది నన్ను ఆపలేదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్ పట్టణంలో ఈ తుపాకీ తయారైన ఫ్యాక్టరీ 2024లో మూతపడింది. ఎలిఫలెట్ రెమింగ్టన్ తన మొదటి బ్యారెల్‌ను 1816లో మలిచింది ఆ చుట్టుపక్కలే. కాబట్టి మంచి ఇలియన్ 1100 దొరికితే బేరం ముందు మాట్లాడకండి, ముందు బ్యారెల్ ఊడదీసి చూడండి. స్టాక్ విప్పి చూపించనని అమ్మేవాడు అంటే, ఎంత చవకకు ఇచ్చినా కొనకండి.