వణుకు ఒకటే, కారణాలు వేరు

మా ఊళ్లోని సోనారీలో విమానం నడపడం నేర్చుకుంటున్న కద్మా కుర్రాడు ఈ వారం మంచి ప్రశ్నతో వచ్చాడు. "బాబాయ్, మ్యాగ్నెటో చెక్‌లో ఇంజన్ దడదడలాడింది. మా సార్ మిక్స్‌చర్ లీన్ చేయించి, ఆర్పీఎం పెంచి కాసేపు ఉంచమన్నారు. సర్దుకుంది. పెట్రోలు తగ్గిస్తే ఇంజన్ బాగుపడటమేంటి?"

కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు 15 కిలోల గాలి కావాలి. నేలమీద రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువగా ఇచ్చి నడిపితే కాలని పెట్రోలు మసై ప్లగ్గుల మీద పేరుకుంటుంది. విమాన పెట్రోలు 100ఎల్‌ఎల్‌లోని సీసం దానికి తోడు. సిలిండర్‌కి రెండు ప్లగ్గులు, ఒక్కోదానికి నిప్పురవ్వ ఇచ్చే మ్యాగ్నెటో వేరు కాబట్టి మామూలుగా ఆ లోపం బయటపడదు. ఒక మ్యాగ్నెటో ఆపగానే బయటపడుతుంది. సెస్నా 152లో 1700 ఆర్పీఎం దగ్గర చేసే ఈ పరీక్షలో వేగం 125 ఆర్పీఎంకి మించి పడిపోకూడదు. లీన్ చేస్తే వేడి పెరిగి మసి కాలిపోతుంది. సీసం మాత్రం మొండిది.

యంత్రాన్ని చెవితో చదవాలన్నది నా పాత వాదం. 1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి టపా తెచ్చింది ఒకే ఇంజనున్న చిన్న పస్ మాత్ విమానంలో. ఈనాటి డిజిటల్ మీటర్లు అప్పుడెక్కడివి? ఆ చెవులంటే నాకు భక్తి.

అయితే మన వానాకాలం సంగతి చూడండి. సువర్ణరేఖ, ఖర్కాయి కలిసే దోముహాని సోనారీలోనే ఉంది. గాలి నిండా తేమ. బయట పాతిక డిగ్రీల పైన ఉన్నా, పెట్రోలు ఆవిరయ్యే చలికి కార్బురేటర్ గొంతులో మంచు కట్టొచ్చు. గాలి దారి ఇరుకై మిక్స్‌చర్ రిచ్ అవుతుంది, శక్తి మెల్లగా పడిపోతుంది, ఇంజన్ వణుకుతుంది. ఆ వణుకుకి ఇంకాస్త పెట్రోలిస్తే మరింత చెడుతుంది. చేయాల్సింది కార్బురేటర్‌కి వేడిగాలి పంపే కార్బ్ హీట్ పూర్తిగా లాగడం. లాగగానే ఇంజన్ ఇంకా గట్టిగా దగ్గుతుంది: కరిగిన నీళ్లు లోపలికి పోతాయి, పైగా వేడిగాలి పలచన. మళ్లీ లోపలికి తోసెయ్ అంటుంది చెవి. దాని మాట వింటే మంచు మిగిలిపోతుంది.

చెవి వణుకుని పట్టుకుంటుంది, కారణాన్ని పట్టుకోలేదు. సిలిండర్ సిలిండర్‌కీ పొగ వేడి చూపే మీటరుంటే కొంత తేలుతుంది: ఒక ప్లగ్గు చచ్చిపోతే మంట ఆలస్యమై ఆ సిలిండర్ పొగ వేడెక్కుతుంది, సిలిండరే చచ్చిపోతే చల్లబడుతుంది. శిక్షణ విమానాలన్నిటికీ ఆ మీటరు పెట్టాలి. కార్బ్ హీట్ మాత్రం లాగాక, ఎంత దగ్గినా ఇంజన్ తేరుకునేదాకా తోయొద్దని వాడికి గట్టిగా చెప్పి పంపాను.