పుర్రచేయి

నాది పుట్టుకతో పుర్రచేయి. పలక మీద బలపం ఎడమచేత్తో పట్టుకుంటే బళ్లో వేళ్ల కణుపుల మీద స్కేలు పడేది. రెండో తరగతి అయ్యేసరికి అక్షరాలు కుడిచేతికి మారాయి. గోలీలాడటం, మామిడికాయల మీదికి రాయి విసరడం మాత్రం ఎడమచేతికే ఉండిపోయాయి. ఎందుకు మారాలో ఒక్కరూ చెప్పలేదు. ఇప్పటికీ అది తల్చుకుంటే మనసు చివుక్కుమంటుంది. లీ జంగ్‌హూ ఆట మీద నాకింత మమకారం కలగడానికి కారణం అదేనేమో.

జంగ్‌హూ దక్షిణ కొరియా బేస్‌బాల్ లీగ్‌లో ఏడేళ్లు ఆడి, 2023 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో ఆరేళ్లకు 11.3 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్న సెంటర్ ఫీల్డర్. పుట్టుకతో కుడిచేతివాడు. బంతి కుడిచేత్తోనే విసురుతాడు. బ్యాటింగ్ మాత్రం ఎడమవైపు నిలబడి చేస్తాడు. చిన్నప్పుడే అలా నిలబెట్టింది తండ్రి.

ఆ తండ్రి లీ జాంగ్‌బమ్. 1994లో గ్వాంగ్జు జట్టు హైతై టైగర్స్ తరఫున .393 సగటుతో 196 హిట్లు కొట్టాడు. బంతి విసిరే పిచ్చర్ కన్నుగప్పి 84 సార్లు తర్వాతి బేస్‌కు దూసుకుపోయాడు. ఒకే సీజన్‌లో అన్నిసార్లు కొరియా లీగ్‌లో ఇప్పటికీ ఇంకెవరికీ సాధ్యం కాలేదు. ఆ వేగం చూసి అక్కడివాళ్లు ‘గాలి కొడుకు’ అన్నారు. మనకైతే వాయుపుత్రుడు. ఆయన పుట్టుకతో ఎడమచేతివాడని తెలిసినప్పుడు నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆయన కుడిచేత్తో ఆడాడు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ ఆయన. అక్కడ బంతి అందుకుని ఫస్ట్ బేస్‌కు విసరాలంటే ఎడమచేతివాడు ఒళ్లంతా తిప్పుకోవాలి. ఆలోగా బ్యాటర్ చేరిపోతాడు.

1998లో ఆయన జపాన్ వెళ్లి నగోయాలో చునిచి డ్రాగన్స్‌లో చేరాడు. జూన్‌లో ఒక బంతి తగిలి మోచేయి విరిగింది. ఆ తర్వాత ఆయన్ని ఔట్‌ఫీల్డ్‌కు పంపారు. అదే ఏడాది ఆగస్టు 20న, అదే ఊళ్లో జంగ్‌హూ పుట్టాడు. అతనూ స్కూల్లో షార్ట్‌స్టాపే. ప్రొఫెషనల్ అయ్యాక అతనూ ఔట్‌ఫీల్డ్‌కే చేరాడు. ‘గాలి మనవడు’ అన్న పేరు అప్పటికే సిద్ధంగా ఉంది.

మరి కొడుకుని ఎడమవైపు నిలబెట్టడం ఎందుకు? క్రికెట్‌లో పరుగు వికెట్ల మధ్య నిలువుగా సాగుతుంది, బ్యాటర్ ఎటు నిలబడినా దూరం ఒకటే. బేస్‌బాల్‌లో బంతి కొట్టినవాడు ఎప్పుడూ తన కుడివైపున్న ఫస్ట్ బేస్‌కే పరుగెత్తాలి. ఆ దూరం 90 అడుగులు. ఎడమచేతి బ్యాటర్ ఆ బేస్‌కు ఒకటి రెండు అడుగులు దగ్గరగా నిలబడతాడు, బ్యాటు విసురే అతని ఒంటిని అటు తోస్తుంది. పైగా పిచ్చర్లలో ఎక్కువమంది కుడిచేతివాళ్లు. వాళ్ల వంపు బంతి కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా జారిపోతే, ఎడమచేతి బ్యాటర్‌కు లోపలికి వస్తుంది. మైదానంలో కాళ్లరిగేలా తిరిగిన మనిషి, కొడుక్కి ఆ రెండడుగులు కలిపి ఇచ్చాడు. మార్చిన చేతికి ఒక కారణం కూడా ఇచ్చాడు. నాకు దక్కనిది అదే.

కారణం తెలిసినంత మాత్రాన చెయ్యి మాట వినదు. ఆ సాధన ఎన్నేళ్లు సాగి ఉంటుందో కుడిచేత్తో అక్షరాలు దిద్దిన నేను ఊహించగలను. 2017లో కొరియా లీగ్‌లో అడుగుపెట్టిన తొలి సీజన్‌లోనే జంగ్‌హూ 144 ఆటల్లో ఒక్కటీ వదలకుండా ఆడి 179 హిట్లు కొట్టాడు. 2022లో 627 సార్లు బ్యాటింగ్‌కు వచ్చి 32 సార్లే స్ట్రైకౌట్ అయ్యాడు. ఆ ఏడు లీగ్ ఉత్తమ ఆటగాడు అతనే. 1994లో తండ్రికి దక్కిన గౌరవమే అది. ఆ లీగ్‌లో తండ్రీకొడుకులిద్దరికీ దక్కడం అదే మొదటిసారి.

అమెరికాలో 37 ఆటలు ఆడాడో లేదో, 2024 మే 12న సిన్సినాటి బ్యాటర్ కొట్టిన బంతి కోసం వెనక్కి పరుగెత్తి, ఎగిరి గోడకు గుద్దుకున్నాడు. ఎడమ భుజం జారింది. 2018లో ఒక క్యాచ్ కోసం నేలకు దూకి శస్త్రచికిత్స చేయించుకున్న భుజం కూడా అదే. గ్లవ్ వేసుకునేదీ ఆ చేతికే, బ్యాటింగ్‌లో వెనక నిలిచి తోసే భుజమూ అదే. తండ్రి నేర్పిన చెయ్యే దెబ్బతిన్నదని ఆరోజు నాకు చాలా దిగులేసింది.

కోలుకుని, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో ఎడమచేతి పిచ్చర్ కార్లోస్ రోడాన్ బంతుల్ని ఒకే ఆటలో రెండుసార్లు ప్రేక్షకుల్లోకి కొట్టాడు. ఎడమచేతి బ్యాటర్‌కు ఎడమచేతి పిచ్చర్ అంటే గండం. ఆ సీజన్ 150 ఆటలు ఆడాడు, 12 ట్రిపుల్స్ కొట్టాడు. ఒక్క దెబ్బకు మూడో బేస్ దాకా వెళ్లడమంటే కాళ్లలో గాలి ఉండాలి.

ఆ ఆగస్టు 17 నాటి క్యాచ్‌ను ఎన్నిసార్లు చూశానో! టాంపా బే బ్యాటర్ యాండీ డియాజ్ కొట్టిన బంతి కోసం పరుగెత్తి నేల మీద జారాడు. బంతి గ్లవ్‌లో పడింది, జారింది, తొడ మీద దొర్లి కాలి వెంట కిందికి పోతోంది. ఇంకో జానెడైతే గడ్డిని తాకేది. రెండు మోకాళ్లూ టక్కున దగ్గరికొచ్చి బంతిని నొక్కి పట్టేశాయి.