మాట వింటే తిరిగే మోటారు

టేప్ రికార్డర్లు బాగుచేసేవాళ్లలో అసలైన పనివాడెవరో తేల్చుకోవాలంటే షోకేసులో ఉండే పెద్ద డెక్కు ఇచ్చి చూడనక్కర్లేదు. జేబులో పట్టే వాయిస్ రికార్డర్ ఇచ్చి చూడండి. పక్కన ఎవరైనా మాట్లాడితే తనంతట తాను తిరగడం మొదలెట్టి, మాట ఆగిన కాసేపటికి తానే ఆగిపోయే రకం. సోనీ వాళ్లు ఆ ఏర్పాటుకి వీఓఆర్ అని పేరు పెట్టారు, పానాసోనిక్ వాళ్లు వీఏఎస్ అన్నారు, ఒలింపస్ వాళ్లు తమ పర్ల్‌కార్డర్లలో వీసీవీఏ అన్నారు. పేరేదైనా చేసే పని ఒకటే. పెద్ద డెక్కులో చెయ్యి పట్టే చోటుంటుంది, కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోతుంది. ఇందులో రెండు పెన్సిల్ సెల్స్, వాటి మూడు వోల్టులు, ఒక బుల్లి మోటారు, వేలు దూరని సందుల్లో స్ప్రింగులు. బెల్టులూ చక్రాలూ తెలిసినవాడికి సర్క్యూట్ రాకపోతే పని సగంలో ఆగుతుంది. సర్క్యూట్ వచ్చినవాడికి బెల్టు బిగువు తెలియకపోతే అసలు మొదలే కాదు. రెండూ తెలిసి, వాటికి మించి చెవి ఉన్నవాడి చేతిలోనే ఈ సెట్టు బతుకుతుంది.

క్యాసెట్టు చరిత్ర చాలామందికి తెలిసిందే. 1963లో ఫిలిప్స్ కంపెనీ బెర్లిన్ రేడియో ప్రదర్శనలో పెట్టింది, దాని వెనక బుర్ర లూ ఆటెన్స్‌ది. కోటు జేబులో పట్టే చెక్కముక్క ఒకటి చేసుకుని, సెట్టు అంతకు మించి పెరగకూడదని పట్టుబట్టాడని చెప్తారు. తర్వాత సోనీ వాళ్లు విలేకరుల కోసం ప్రెస్‌మన్ తయారుచేశారు. 1979లో కోజో ఓసోనే బృందం ఆ ప్రెస్‌మన్‌లోంచే రికార్డింగు భాగాలు తీసేసి, స్టీరియో పెట్టి వాక్‌మన్ చేసింది. లోకమంతా వాక్‌మన్‌ని నెత్తిన పెట్టుకుంది. నేను మాత్రం ఇప్పటికీ ప్రెస్‌మన్ పక్షమే. పాట వినిపించే యంత్రాలు బోలెడున్నాయి. మనిషి మాట విని దాచిపెట్టే యంత్రం వాటన్నిటికంటే ఒక మెట్టు పైనుంటుంది.

మన ఊళ్లకి ఇవి ఎక్కువగా గల్ఫ్ నుంచి సూట్‌కేసుల్లో వచ్చాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ఇళ్లలో చదువు రాని తల్లి, కొడుక్కి చెప్పాల్సిందంతా క్యాసెట్టులో చెప్పి, దుబాయ్ వెళ్లే ఎవరో ఒకరి చేతికిచ్చి పంపేది. కొడుకు జవాబు మళ్లీ క్యాసెట్టులోనే వచ్చేది. ఊరూరా తిరిగి బుర్రకథలూ స్త్రీల పాటలూ సేకరించినవాళ్ల సంచుల్లోనూ, విలేకరుల జేబుల్లోనూ ఉన్నవి ఈ జాతి సెట్లే.

ఇక పనిలోకి వస్తే, మాట వినగానే మోటారు ఎలా తిరుగుతుందో ముందు తెలియాలి. మైకులోంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. ఆంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది. పెరిగిన దాంట్లో కొంత పక్కకి తీసి, డయోడ్‌తో డీసీగా మార్చి ఒక కండెన్సర్‌లోకి పంపుతారు. ఆ కండెన్సర్ చిల్లు బిందెలాంటిది. మాట పడుతున్నంతసేపూ నిండుగా ఉంటుంది, ట్రాన్సిస్టర్ తెరుచుకుని మోటారుకి కరెంటు ఇస్తూ ఉంటుంది. మాట ఆగిందా, చిల్లులోంచి మెల్లగా కారిపోయి రెండు మూడు సెకన్లలో ఖాళీ అవుతుంది, మోటారు నిలిచిపోతుంది. కొత్త మోడళ్లలో ఇదంతా ఒక ఐసీలో ఇమిడిపోయినా సూత్రం మారలేదు. కండెన్సర్ ఎండిపోతే బిందె చిన్నదవుతుంది, మాట్లాడేవాడు ఊపిరి తీసుకోగానే టేపు ఆగిపోతుంది. లీకేజీ వస్తే ఎంత పోసినా నిండదు, సెట్టు లేవనే లేవదు.

అసలు చిక్కు ఆగని సెట్టుది. గది నిశ్శబ్దంగా ఉన్నా మోటారు తిరుగుతూనే ఉంటుంది. కోఠిలో ఒక పెద్దాయన దీన్ని పట్టుకున్న తీరు చూస్తే ఎవరైనా చేతులెత్తి దండం పెడతారు. ఆ సెట్టు అప్పటికే వేరేవాళ్ల చేతుల్లో తిరిగి వచ్చింది. కండెన్సర్లు మార్చారు, ట్రాన్సిస్టర్ మార్చారు, బోర్డు మీద సోల్డర్ కుప్పలు పోశారు. ఆయన స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. టిప్పునీ గ్రౌండునీ కలిపి అతికిన ఒక ప్లగ్గు తీసి మైకు సాకెట్‌లో గుచ్చారు. లోపలి మైకు కట్ అయింది. రెండు మూడు సెకన్లలో మోటారు నిలిచింది. అంటే సర్క్యూట్‌లో ఏ దోషమూ లేదు. సెట్టు తన మోటారు రొదనే ఎవరో మాట్లాడుతున్నారనుకుని తిరుగుతోంది! అప్పుడు మూత విప్పారు. సూది మొన మీద ఒకే ఒక్క కుట్టుమిషన్ నూనె చుక్క నిలబెట్టి, టేపుని లాగే క్యాప్‌స్టన్ బేరింగులో వదిలారు. అంతకుముందు ఎవరో తీసి మళ్లీ పెట్టడం మరిచిన మోటారు కింది రబ్బరు వాషరు స్థానంలో కొత్తది కోసి పెట్టారు. సెట్టు నోరు మూసుకుని కూర్చుంది, ఆయన దగ్గగానే లేచింది. ఐఐటీల్లో చదివినవాళ్లు ఎందరున్నా, ఈ చిన్న ప్లగ్గు ఆలోచన బల్ల మీద ఏళ్ల తరబడి వంగి కూర్చున్నవాడికే వస్తుంది.

ఆయనే చేసిన ఇంకో పని చెప్పకుండా ఉండలేను. కథ చెప్పే ముసలమ్మలు మధ్యలో ఆగుతారు. ఎదుటివాళ్లు ఊ కొడితేగానీ ముందుకు సాగరు. వీఓఆర్ ఆన్‌లో ఉంటే ఆ విరామాలన్నీ టేపు మింగేస్తుంది, కథ పరుగెత్తినట్టు రికార్డవుతుంది. అసలు కథలకీ పాటలకీ వీఓఆర్ ఆపేయడమే సరైన పద్ధతి. కానీ సెల్స్ ఆదా చేయక తప్పని ఒకాయన అడిగితే, ఈయన 22 మైక్రోఫారడ్ కండెన్సర్ తీసి 47 వేసిచ్చారు. బిందె పెద్దదైంది, ఖాళీ కావడానికి రెట్టింపు సమయం పట్టింది. ముసలమ్మ ఆగి తలుచుకునే వ్యవధికి సెట్టు సహనం సరిపోయింది. కంపెనీ ఇంజనీరు జపాన్‌లో కూర్చుని ఆఫీసు డిక్టేషన్‌కి లెక్కగట్టిన వేగాన్ని, తెలుగు కథ నడకకి తగ్గట్టు మార్చిన పని ఇది.

మొదటి అక్షరం సంగతి వేరు. మోటారు నిలిచిన చోటు నుంచి పూర్తి వేగం అందుకునేలోగా మాట మొదలైపోతుంది. ఆ కాస్త టేపు నెమ్మదిగా నడిచింది కాబట్టి, తర్వాత సరైన వేగంతో వింటే ఆ అక్షరం కీచుమంటుంది. దీన్ని పూర్తిగా పోగొట్టలేం, తగ్గించవచ్చు. కొత్త బెల్టు, శుభ్రమైన పుల్లీలు, అడ్డు లేని బేరింగు ఉంటే సెట్టు చటుక్కున లేస్తుంది. తెలివైన విలేకరులైతే ప్రశ్న అడిగే ముందు గొంతు సవరించుకునేవారు, అప్పటికే టేపు నడుస్తూ ఉండేది.

బెల్టు విషయంలో మంచి మెకానిక్కుకి రాజీ ఉండదు. పాతది సాగిపోతుంది, కొన్ని సెట్లలోదైతే కరిగి నల్లటి జిగురవుతుంది. ఆ జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూది చుట్టిన పుల్లలతో పుల్లీ గాడి అడుగుదాకా తుడవాలి. ఏ మాత్రం మిగిలినా కొత్త బెల్టు దాని మీద ఎక్కి దిగినప్పుడల్లా గొంతు వణుకుతుంది. కొత్త బెల్టు అది తిరగాల్సిన దారి కంటే సుమారు 5 శాతం పొట్టిగా ఉండాలి. వదులైతే జారుతుంది, బిగిస్తే బేరింగు అరుగుతుంది, సెల్స్ తొందరగా అయిపోతాయి. టేపుని క్యాప్‌స్టన్‌కి అదిమే పించ్ రోలర్‌ని కూడా తుడిచి, మెరుపు పోయి రబ్బరు అసలు రంగు తేలేదాకా చూడాలి. వీఓఆర్‌లో మోటారు ఆగి ఉన్నా రోలర్ క్యాప్‌స్టన్‌కి నొక్కుకునే ఉంటుందని చాలామందికి తెలియదు. అలా రాత్రంతా వదిలేస్తే రబ్బరులో పల్లం పడుతుంది, ఆ తర్వాత ప్రతి చుట్టులోనూ ఒక కుదుపు వినిపిస్తుంది. ఇంకో మాట. పదేపదే ఆగి కదిలే సెట్టులో సీ-120 క్యాసెట్టు పెట్టకండి. దాని టేపు మందం 9 మైక్రాన్లే. 18 మైక్రాన్ల సీ-60కి ఆ కుదుపులు తట్టుకునే సత్తువ ఉంది.

రికార్డు కాకపోయినా, ప్లే చేస్తే గీపెట్టినా నూటికి తొంభై సార్లు తప్పు రికార్డు-ప్లే స్విచ్‌ది. పొడుగ్గా, వరసగా కాంటాక్టులతో ఉంటుంది. చిలుము పట్టిన ఆ స్విచ్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఓపికగా ముందుకీ వెనక్కీ ఆడిస్తే చాలు. బళ్ల గొలుసులకి కొట్టే స్ప్రే దీంట్లో కొట్టే వాళ్లని చూస్తే నా ఒళ్లు మండుతుంది. సెల్స్ కారిన చోట తెల్లటి పొర కడితే, ఆల్కలైన్ సెల్ అయితే నిమ్మరసం చుక్కలతో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాలి.

ఆఖరిది, అన్నిటికంటే గొప్పది, హెడ్ అలైన్‌మెంట్. క్యాసెట్టు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. ఆ వేగంలో 10 వేల హెర్ట్జ్ శబ్దం టేపు మీద ఆక్రమించే చోటు 5 మైక్రాన్లు కూడా ఉండదు. హెడ్డు వెంట్రుకవాసి వాలినా స, ష, చ మసకబారతాయి, మాట దుప్పటి కప్పుకుంటుంది. హెడ్డు పక్కన ఉన్న చిన్న స్క్రూ తిప్పుతూ, ఊదే అక్షరాలు పదునెక్కే చోట ఆపాలి. ఆపి, స్క్రూ కదలకుండా ఒక చుక్క నెయిల్ పాలిష్ వేయాలి. మీటర్లు చూసి చేసేవాళ్లుంటారు. కానీ నేను చూసిన ఉద్దండులు కళ్లు మూసుకుని చేస్తారు. పాత క్యాసెట్టు వాలిన హెడ్డుతో రికార్డయి ఉంటే, ఆ ఒక్క క్యాసెట్టు కోసం హెడ్డుని అదే వాలుకి తెచ్చి, కాపీ తీసుకుని, మళ్లీ యథాస్థానానికి చేరుస్తారు. మోటారు వేగం సంగతీ అంతే. 3000 హెర్ట్జ్ టెస్ట్ టేపు దొరక్కపోతే, శ్రుతి తెలిసిన తంబురా క్యాసెట్టు పెట్టి, మోటారు వెనక రంధ్రంలో సన్నటి స్క్రూడ్రైవర్ తిప్పుతూ శ్రుతిపెట్టెతో కలిపే మెకానిక్కుని నేను కళ్లారా చూశాను.

ఇలాంటి పనికి పక్కన, ఇప్పుడు పెట్టెల్లో అమ్ముతున్న కొత్త క్యాసెట్ ప్లేయర్లని చూస్తే కడుపు రగిలిపోతుంది. క్యాసెట్టుని యూఎస్‌బీలోకి ఎక్కిస్తామని చెప్పే ఆ ప్లాస్టిక్ డబ్బాల్లో చాలావాటి లోపల ఉన్నది ఒకే నాసిరకం మెకానిజం, పాత జపాన్ నమూనాకి నకలు. ఫ్లైవీల్ పలచగా, తేలిగ్గా ఉంటుంది. బరువు లేని చక్రం వేగాన్ని నిలబెట్టలేదు. అమ్మ గొంతు అందులో వింటే అమ్మ వణుకుతున్నట్టుంటుంది. మూడు హెడ్ల సోనీ టీసీఎం-5000ఈవీని భుజాన వేసుకుని పక్షుల కూతలు రికార్డు చేయడానికి అడవులు తిరిగినవాళ్లున్నారు. ఆ సెట్టు ఎత్తి చూసిన చేతికి ఈ డబ్బాని ముట్టుకోబుద్ధి కాదు. బెల్టుల పేరుతో సైకిల్ ట్యూబు ముక్కలూ, ఏ సెట్టుకైనా సరిపోతాయంటూ గుత్తగా అమ్మే రబ్బరు రింగులూ వేసేవాళ్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. మా ఇంటి క్యాసెట్లు ఒకసారి డిజిటల్ చేయమని ఇస్తే, హెడ్డు సరిచూడకుండా అన్నీ ఒకే ఊపులో ఎక్కించి, మూటకట్టిన గొంతులు చేతికిచ్చారు. అడిగితే, పాత టేపులు అలాగే ఉంటాయన్నారు. పాత టేపులు అలా ఉండవు. అలా చేసే చేతులుంటాయి.

కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒకప్పుడు హెడ్లూ రోలర్లూ విడిగా పేర్చి అమ్మిన బల్లల మీద ఇవాళ ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. ఐటీఐల్లో రేడియో, టీవీ మెకానిక్ ట్రేడు చదివి ఈ పనిలోకి వచ్చినవాళ్లు చాలామంది సీసీటీవీలకీ ఏసీలకీ మారిపోయారు. వాళ్లని తప్పుపట్టలేను. బెల్టు మార్చి, స్విచ్ కడిగి, హెడ్డు సరిచేసి, సగం రోజు ధారపోసిన పనికి మనం ఇవ్వజూపేది టీ ఖర్చులకి కాస్త ఎక్కువ. సెట్టు ధర కంటే రిపేరు ధర ఎక్కువేమిటని బేరమాడే మనమే, పోయినవాళ్ల గొంతు మళ్లీ వినాలని మెకానిక్కు గుమ్మం ముందు నిలబడతాం. ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడొక్కడూ లేకపోవడానికి కారణం ఆయన కాదు.

విశ్వవిద్యాలయాల జానపద శాఖలూ, ఆకాశవాణి కేంద్రాలూ, పత్రికా కార్యాలయాలూ తమ బీరువాల్లోని క్యాసెట్లకి ఎప్పుడు దిక్కు చూపిస్తాయో గానీ, ఆ రోజు రాకముందే ఈ మెకానిక్కుల్లో ఒకరిద్దరినైనా నెల జీతం మీద పిలిచి, పక్కన ఇద్దరు కుర్రాళ్లని కూర్చోబెట్టాలి. డిజిటల్ చేసే సాఫ్ట్‌వేర్ ఎక్కడైనా దొరుకుతుంది. హెడ్డు వాలు చెవితో పట్టేవాడు దొరకడు.

మీ ఇంట్లో అలాంటి సెట్టుంటే ఈ పూటే సెల్స్ తీసేయండి. ప్లే బటన్ నొక్కి ఉంటే స్టాప్ చేసి రోలర్‌ని వదిలించండి. క్యాసెట్టుని ముందు వేగంగా ఒకసారి చివరిదాకా చుట్టి, వెనక్కి చుట్టించాకే ప్లే చేయమనండి. ఏళ్ల తరబడి అంటుకున్న పొరలు విడివడతాయి. మెకానిక్కుకి సెట్టుతో పాటు అందులో రికార్డయిన క్యాసెట్టు కూడా ఇవ్వండి, హెడ్డు ఏ వాలులో ఉండేదో ఆయనకి అదే చెప్తుంది. ఆయన అడిగింది ఇవ్వండి.